మరియమ్మ కన్నీళ్ళు

నా చేతిలో మరియమ్మ ఎన్ని కష్టాలు పడిందో చెబుతాను, గుండె చిక్కబట్టుకుని వినండి. ఎనభైల్లో మాట. రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉండేవాళ్ళం. రైల్వే వ్యాగన్ల రిపేరు షాపులో గుమాస్తాగా చేరిన కొత్తలో నాకు జలుబు పట్టుకున్నట్టు చిత్రకళ పట్టుకుంది. మా క్యాలెండరు మీద బాలయేసుని ఎత్తుకున్న మరియమ్మ బొమ్మ ఉండేది. ఎప్పుడో వందల ఏళ్ళ కిందట ఇటలీలో ఎవరో మహానుభావుడు వేసింది. దాన్ని ఆయిల్ రంగుల్లో దించి ఈస్టరుకి చర్చికిస్తానని మా పాస్టరు అయ్యగారికి మాటిచ్చేశాను. అప్పటికి కుంచె పట్టుకోవడం కూడా రాదు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమంటారు కదా, కాలనీలో ఆ చెట్టుని నేనే.

ఒక హిందీ పుస్తకం చూసి నేర్చుకున్నాను. రంగులో అవిసె నూనె కలపమంది. దానికోసం బజారుకెళ్ళే ఓపిక లేక, అమ్మ తలకి రాసుకునే ఆముదం కలిపేశాను. నూనె నూనే కదా. అవిసె నూనె ఆరుతుందనీ, ఆముదం ఎన్నాళ్ళకీ ఆరదనీ నాకేం తెలుసు?

బొమ్మని ముందుగదిలో ఆరబెట్టాను. ఈలోగా రాయపూర్ ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం అమ్మ కేక విని పరిగెత్తాను.

"ఒరే, మరియమ్మ ఏడుత్తందిరా!"

నిజమే. కళ్ళ కింద నల్లటి ధారలు. అమ్మ మోకరించింది. రంగు కారుతోందని అప్పుడే చెప్పాల్సింది. కానీ సాయంత్రానికి కాలనీ అంతా మా గుమ్మంలో ఉంది. నీ చేతిలో దైవశక్తి ఉందని నలుగురూ అంటుంటే నాకూ నిజమేననిపించింది. పక్కింటి సాహూ గారమ్మ అగరుబత్తి వెలిగించింది.

అయ్యగారు వచ్చారు. కన్నీటిని వేలితో తీసి వాసన చూశారు.

"ఏ నూనె, బాబూ?"

"ఆముదం, అయ్యగారూ."

ఆయన జేబురుమాలు తీసి వేలు తుడుచుకున్నారు. ఆలోగా మరియమ్మ ఎడమకన్ను చెంప మీదికి దిగింది. ఇది అద్భుతం కాదు, నూనె అని ఆయన అందరికీ చెప్పారు. జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అమ్మ నావైపు చూసిన చూపుకి నేనూ కరిగి కారేవాణ్ణే. సాహూ గారమ్మ మాత్రం కదల్లేదు.

"తో క్యా హువా? హమారే హనుమాన్‌జీ కో భీ తో తేల్ చఢ్‌తా హై," అంది. మా హనుమంతుడికీ నూనె పోస్తాం కదా, అయితే ఏమిటట అని. ఇంకో అగరుబత్తి కూడా వెలిగించింది.

ఆ పొగ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మకి నేను రంగు వేసేది తలుపులకీ కిటికీలకీ మాత్రమే. అవి ఏడ్చినా ఎవరూ మోకరించరు.