మోకాలెత్తు టికెట్ కిటికీ

మూడేళ్ళ కిందట, ఎండలు ముదురుతున్న రోజులు. గోదావరిఖనిలో సర్వేయర్‌గా పనిచేస్తున్న నన్ను బెల్లంపల్లి పక్క ఊళ్ళో రోడ్డు వెడల్పు పనికి పంపారు. దారికి అడ్డంగా ఓ పాత రాతి గది ఉంది. నేను కొలిచి డ్రాయింగ్ ఇస్తే కూల్చేస్తారు.

ఒకప్పుడు గనుల బొగ్గు మోసిన నారోగేజ్ లైన్ ఆ పక్కనుంచే పోయేది. నారోగేజ్ అంటే పట్టాల మధ్య రెండున్నర అడుగులే ఉండే చిన్న రైలు దారి. పట్టాలు ఎప్పుడో పీకేశారు. మిగిలిన గదిని చూస్తే నవ్వొచ్చింది. పైన బెంగళూరు పెంకులు, ముచ్చటైన రాతి కమాను. తలుపులోంచి మాత్రం వంగి దూరాలి. కిటికీ నా మోకాలి దగ్గరుంది.

"సామాన్ల కొట్టు అయ్యుంటుందండీ," అన్నారు కాకినాడ వైపు నుంచి వచ్చిన మా ఇంజనీరు.

ఆ గోడవారన మిరపకాయ బజ్జీలు వేసే రాజవ్వ ఊరుకోలేదు. "కొట్టేంది సారూ? ఇది టేషను. అంగడినాడు బొగ్గు డబ్బాల ఎనుక మనుషుల డబ్బాలు రెండు తగిలిస్తుండిరి. పెండ్లైనంక నేను ఈడనే దిగిన. గా కిటికీ కాడనే టికెట్టు కొంటుంటిమి."

"పడుకుని కొనేవారా మామ్మగారూ?"

అందరం నవ్వాం. రాజవ్వ మొహం ఎర్రబడింది. "నిలవడే కొన్న. టికెట్లిచ్చే బాబు మొఖం, నా మొఖం ఎదురుబొదురుండె. నాకేం పనివడ్డది అబద్ధమాడ?"

మర్నాడు ఇద్దరు కూలీలతో కిటికీ కింద ట్రయల్ పిట్ తీయించాను. పునాది చూడటానికి తవ్వే చిన్న గుంత అది. ఎంత తవ్వినా బొగ్గు బూడిదే. రెండున్నర అడుగుల లోతులో గునపం ఖంగుమంది. చెక్కిన రాతి పలకలు! అసలు ప్లాట్‌ఫారం అదీ. గది పొట్టిది కాదు. రైళ్ళు ఆగిపోయాక గనులవాళ్ళు ఏళ్ళ తరబడి లోపలా బయటా పోసిన బూడిదలో కూరుకుపోయింది.

రాజవ్వ కొంగు దోపుకుని గుంతలోకి దిగింది. కిటికీ సరిగ్గా ఆమె ఛాతీ ఎత్తుకు వచ్చింది. ఇంజనీరు నవ్వుతూ గదిలోకి దూరి, కిటికీ వెనక గొంతుక్కూర్చున్నారు.

"ఏ ఊరికి మామ్మగారూ?"

"బెల్లంపల్లికి. జల్ది ఇయ్యి సారూ, బండి పోతది!"

ఆ సాయంత్రమే ఆయన రోడ్డును ఎదుటి ఖాళీ జాగా వైపు జరుపుతూ పైకి రాశారు. అది మంజూరు కావడానికి ఎనిమిది నెలలు పట్టింది. బూడిద తీసేశాక స్టేషన్ నిటారుగా నిలబడింది. ఇప్పుడక్కడ జనం బస్సు కోసం కూర్చుంటున్నారు.

అప్పటినుంచి పాత కట్టడానికి పోతే, దాన్ని వాడినవాళ్ళెవరైనా ఉన్నారేమో ముందు అడుగుతాను. వాళ్ళ మాట నా కొలతతో కుదరకపోతే, నేను టేపు ఎక్కడ ఆనించానో మళ్ళీ చూసుకుంటాను.