గాలి నిండేసరికి నీళ్లు లేవు

నీళ్ల కింద తిరిగే మా కాలేజీ ప్రాజెక్టు రోబో ఇవాళ గాలి ఒత్తిడితో ఒక చిన్న ప్లాస్టిక్ బాణాన్ని వదలాలి. మా సిలిండర్‌లో గాలి ఎంతోసేపు నిలవదు. అందుకని పంక్చర్ షాపు కంప్రెసర్‌ను కిరాయికి తెచ్చి, బాన్సువాడ అవతల మా మేనమామ చెరుకు తోట బావి దగ్గరే పెట్టాం. నేనూ, నా క్లాస్‌మేట్ ఇమ్రానూ కంప్రెసర్ గొట్టం తగిలించిన రోబోను నీళ్లలోకి దించి, పొద్దుటి నుంచి కరెంటు కోసం ఎదురుచూశాం.

మధ్యాహ్నం కరెంటు వచ్చింది. కంప్రెసర్‌తో పాటే, మామ ఆటో స్టార్టర్ పెట్టుకున్న బావి మోటరూ దానంతటదే మొదలైంది. సిలిండర్ నిండేలోపు ఆ ఎండాకాలపు బావిలో ఉన్న కాసిని నీళ్లూ చెరుకులోకి పోతున్నాయి.

"మామా, జర మోటర్ బంద్ చెయ్యే!" అని మొత్తుకున్నాను.

"నీ మిషన్ రేపైనా ఆడుతది. గీ చెరుకు రేపటిదాంక బతుకుతదారా?" అన్నాడు మామ.

సిలిండర్ నిండేసరికి రోబో బురదలో కూరుకుంది. ఇమ్రాన్ బాణం వదిలే స్విచ్ నొక్కాడు. బురదలోంచి రెండు బుడగలు వచ్చాయి, బాణం రాలేదు. రోబోను తాడుతో పైకి లాగాం.

రేపూ ఇదే కరెంటు, ఇదే మోటరు. కరెంటూ నీళ్లూ ఒకేసారి ఉండే బావి మీ ఊళ్లో ఎక్కడైనా ఉంటే చెప్పండి. మాకంటే ముందు మా మామకు చెప్పండి.