నర్సమ్మ పొడిచిన అట్టలు

అరవైల మొదట్లో మక్తల్‌లోని నేత శిక్షణ కేంద్రానికి నేను మాస్టర్‌ని. అప్పుడే మా దగ్గరికి జాకార్డ్ వచ్చింది. మగ్గం మీద బిగించే పెట్టె అది. చిల్లులు పొడిచిన అట్టలు వరసగా తిరుగుతుంటే, ఏ పోగులు లేవాలో అవే లేస్తాయి. అంచులో నెమలి దానంతటదే పడుతుంది. అట్టలు పట్నం నుంచి తయారుగా వచ్చేవి. ఇప్పటి కంప్యూటర్ పిల్లలు లైబ్రరీ అంటారే, ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రామును తెచ్చి వాడుకోవడం, అచ్చం అలాంటిదే.

నేనేమో మొండివాణ్ణి. గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపి, పోగులు చేత్తో లేపి, ఒక అంచు నేసేదాకా ఎవరినీ జాకార్డ్ ముట్టనిచ్చేవాణ్ణి కాదు. "పెట్టె ఉండంగ గీ తిప్పలెందుకు సార్?" అని అందరికంటే ఎక్కువ సణిగిందీ, అందరికంటే బాగా నేర్చుకున్నదీ నర్సమ్మే.

ఆ రోజుల్లో ఆడవాళ్లు కండెలకు నూలు చుట్టాల్సిందే తప్ప, వాళ్ల పేరున చేనేత సంఘం మగ్గం ఇచ్చేది కాదు. నర్సమ్మ పట్టుబట్టింది. సంఘం పెద్ద వీరయ్య షరతు పెట్టాడు: "పెండ్లి చీరె ఒక్కటి తప్పు లేకుండ నెయ్యి. అప్పుడు జూద్దాం."

చీర సగమయ్యేసరికి వానకు కప్పు కారి, అట్టలు నాని చీలిపోయాయి. కొత్తవి పట్నం నుంచి వచ్చేలోపు ఆ చీర కట్టుకోవాల్సిన పెళ్లే అయిపోతుంది. ఇక లాభం లేదనుకున్నాను.

"ఆపెయ్యమ్మా. వీరయ్యకు నేను జెప్పుకుంట."

"ఎందుకాపుడు సార్? అట్టలు పోయినయ్ గని, నెమలి ఉన్నది గద!"

నేసిన అంచు మీదికి వంగి, సూదిమొనతో పోగు పోగూ చూసుకుంటూ గ్రాఫ్ మీద గళ్లు నింపింది. కొత్త అట్టలు కోసి, చిల్లులు తనే పొడిచింది. చూస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది. ఎంత ఓపిక, ఎంత ధైర్యం!

చీర పూర్తయ్యాక వీరయ్య వచ్చి కొంగు వైపు నుంచి అంచు తడుముతూ చూశాడు. మొదటి నెమలి దగ్గరే ఆగాడు.

"గిదేంది? నెమలి కాలు వంకరవోయింది. తప్పు తప్పే బిడ్డా."

 నర్సమ్మ చీర రెండో కొస విప్పి ఆయన ముందు పరిచింది.

"గిది పాత అట్టలతోని నేసింది. గీ కాలు గూడ జూడుండ్రి. తప్పు పట్నం అట్టలల్లనే ఉన్నది. ఒక్క చీరెల రెండు తీర్ల నెమళ్లు బాగుండయని అట్లనే ఉంచిన. మగ్గమియ్యుండ్రి, వచ్చే చీరెల సక్కగ జేస్త!"

వీరయ్య నా వైపు చూశాడు. ఆ అట్టలతో ఎన్నో చీరలు నేయించాను, ఆ వంకర నా కంటబడనే లేదు. ఆయన పకపకా నవ్వాడు. "ఓర్నీ, ఏం కన్ను నీది! రాస్కోండ్రి గీ పిల్ల పేరు."

తయారు అట్టలు వాడుకోవడం తప్పేం కాదు, నేనూ జీవితమంతా వాడాను. కానీ అవి ఎక్కడ తప్పాయో కనిపెట్టగలిగినప్పుడే పని మన చేతిలో ఉన్నట్టు. ఆ మాట నాకు నేర్పింది నర్సమ్మ. తన పేరున వచ్చిన మగ్గం మీద ఆమె నేసిన మొదటి నెమలి రెండు కాళ్ల మీదా నిటారుగా నిలబడింది.