గంగాళం వెనుక పేరు

మన తరం మిత్రులకు తెలియజేయునది ఏమనగా, విశాఖపట్నంలో మ్యూజియంగా మార్చిన ఒక పాత బంగళాలో నిన్న నేను ఒక ఇత్తడి గంగాళం ఎదుట పావుగంట నిలబడ్డాను. కారణం తొంభైల నాటిది.

మన జగ్గయ్యపేటలో అప్పట్లో పేరు చెక్కని గిన్నె ఏ ఇంట్లోనైనా ఉండేదా, గుర్తు చేసుకోండి. పెళ్లిళ్లకు అరువు వెళ్లిన పాత్రలు చింతపండు వాసనతో తిరిగి వచ్చాక, మా నాయనమ్మ ఒక్కొక్కదాన్నీ తిప్పి పేరు చదివి లోపలికి అనుమతించేది. వేసవి సెలవుల్లో మమ్మల్ని విశాఖ తీసుకెళ్లినప్పుడు, ఆమె ఆ అధికారాన్ని ఈ బంగళాకూ వర్తింపజేసింది.

వంటగదిలో గంగాళం పక్కన "యజమాని వివరాలు తెలియవు" అని కార్డు ఉంది. నాయనమ్మ అడ్డంగా కట్టిన తాడు దాటి, గంగాళాన్ని తిప్పింది.

"ముట్టుకోకూడదండీ మామ్మగారూ," అన్నాడు కాపలాదారు.

"తిప్పకపోతే ఎవరిదో ఎట్టా తెలుస్తుందయ్యా? ఇదిగో, సూరమ్మ అని ఉంది. ఎంత ముచ్చటపడి చెక్కించుకుందో పాపం. రాసుకో."

"రాయడం నా పని కాదండి."

"అయితే రాసేవాళ్లని పిలువు. ఇక్కడే కూర్చుంటా."

నిజంగానే కూర్చుంది. మేము సిగ్గుతో తలుపు చాటుకు తప్పుకున్నాం. చివరికి అధికారి వచ్చి, కళ్లజోడు సవరించుకుని, పేరు చదివి రాసుకున్నారు.

నిన్న ఆ కార్డు మీద "సూరమ్మ గారి గంగాళం" అని ఉంది. 'గారు' మాత్రం గంగాళం మీద లేదు, మా నాయనమ్మా చెప్పలేదు. దాన్ని చేర్చినవారెవరో వారికి, ఆమె తరఫున నా కృతజ్ఞతలు.