ఆవుల లెక్క

యుద్ధం రోజుల్లో, కలాసిపాళ్యం బస్టాండులో, ఆనేకల్ బస్సు కోసం కాచుకున్న ఒక ముసలి రైతు పక్కన కూర్చున్నాను. విదేశాల్లోని సిపాయిలకు వెన్న డబ్బాలు పంపే ఫ్యాక్టరీకి పాలు పోయాలంటే ముందు ఆవుల కొట్టం రిజిస్టరు చేయించాలట. ఆ పనికే వచ్చి, అది కాకుండానే తిరిగిపోతున్నాడు.

"ఆవులెన్ని అని అడిగినాడప్పా గుమాస్తా. ఇంట్లో జీవాల్ని ఎవరన్నా లెక్కపెట్టి చెప్తారా? దిష్టి తగలదా? గౌరి, కెంపి, తుంగ అని పేర్లు చెప్తా రాసుకో సామీ అంటే, నంబరే కావల్లని కాగితం విసిరేసినాడు."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"మీ ఇంట్లో ఎవరెవరుండారప్పా? పేర్లు చెప్పు."

నా పేరు చెప్పాను. ఆయన తరువాతి పేరు కోసం నా ముఖం చూస్తూ ఉండిపోయాడు.

"సావిత్రి," అన్నాను. నా భార్య చనిపోయి ఏడాదైంది; ఆ తరువాత ఆ పేరు పైకి అనడం అదే మొదటిసారి.

"మంచి పేరప్పా," అన్నాడు.

బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి కేకేశాడు.

"సావిత్రమ్మను అడిగినానని చెప్పప్పా!"

కాటన్‌పేటలో మా ఇంటి తాళం తీసి లోపలికి వెళ్ళాను. చెప్పాను.