పుస్తకంలో లేని గీతలు

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, పటమటలో మా చర్చి గేటు పక్కన కాస్త నీడ చూసుకుని మేం నలుగురైదుగురు ఆడవాళ్లం ఎప్పటిలాగే కబుర్లలో పడ్డప్పుడు, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మా వదినగారు చేతిలో ఫోను ముందుకు చాపి, పిల్లలు ఫోనుల్లో కొట్టుకునే పొట్టి మాటలూ, ఎల్.ఓ.ఎల్. అనీ ఓ.ఎం.జి. అనీ రాసుకునే పొడి అక్షరాలూ ఇంగ్లీషు నిఘంటువులోకి ఎక్కించేశారట, చూశారా ఈ ఘోరం అన్నారు. ఇంకేముంది, భాష గంగలో కలిసిందని ఒకావిడ, నిఘంటువు కూడా ధర్మసత్రమైపోయిందని ఇంకొకావిడ, తలా ఒక రాయి వేశారు. నాకెక్కడో చురుక్కుమంది. ఆ పిల్లలు రాసుకున్నది అవతలి పిల్లలకు అర్థమవుతోందా లేదా, అవుతుంటే మధ్యలో మీకేం నొప్పి అనేశాను. వదినగారు మొహం చిన్నబుచ్చుకుని బైబిలు సంచీలో పెట్టేసుకున్నారు.

ఆటోలో ఇంటికొస్తుంటే నాకే ఆశ్చర్యం వేసింది, అంత రోషం ఎందుకొచ్చిందా అని. ఎందుకొచ్చిందో మీకు చెబుతాను. నా ఈడువాళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ల కాలం చూసినవాళ్లే గనక ఇట్టే అందుకుంటారు.

అప్పట్లో మా ఇల్లు భవానీపురంలో. నాన్న చిన్న బళ్లో పంతులుగా ఉండేవారు గానీ ఉబ్బసం ముదిరి, నాలుగు మాటలు వరసగా చెప్పలేని స్థితికొచ్చి బడి మానేశారు. అమ్మ కుట్టుమిషను తొక్కేది. నా తర్వాత చెల్లెలు, దానికి నర్సు ట్రైనింగు మీద మనసు, అందులో చేరుతుందా లేదా అన్నది నాకు ఉద్యోగం దొరకడం మీద ఉంది. అందుకని స్కూలు ఫైనలు కాగానే నేను గవర్నర్‌పేటలో ఒక లాడ్జీ పక్క ఇరుకు మెట్లెక్కి, మేడ మీద ఉన్న ఇన్‌స్టిట్యూట్‌లో టైపుకీ షార్ట్‌హ్యాండుకీ చేరిపోయాను. మెట్ల మీదే ఆ మిషన్ల టకటకలు వినబడుతుంటే వెనక్కి తిరిగిపోదామా అనిపించేది, ఆడపిల్లను నేనొక్కదాన్నే. అయినా మొండిదాన్ని. నేర్చుకోకుండా దిగేది లేదనుకున్నాను.

షార్ట్‌హ్యాండు తెలియని పిల్లలకు చెప్పాలంటే, అది మాటను అక్షరాలతో కాక గీతలతో పట్టుకోవడం, గీత ఒత్తి గీస్తే ఒక శబ్దం, తేల్చి గీస్తే ఇంకొకటి. మా మాస్టారికి ఆ గీతలంటే వేదం. ఆయన పొద్దుటా సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ నడుపుతూ, పగలు అదే వీధిలో ఒక రైస్‌మిల్లు వ్యాపారి ఆఫీసులో సీనియర్ స్టెనోగా చేసేవారు. తెల్ల పంచె, బుష్ షర్టు, జేబులో ఎప్పుడూ చెక్కిన పెన్సిళ్లు. నా పట్టుదల చూసి ఆయనే తమ ఆఫీసులో నన్ను తాత్కాలికంగా చేర్పించారు. ఆడపిల్లవల్ల ఏమవుతుందిలే, కొన్నాళ్లు చూద్దాం, పనికొస్తే ఉంచుకుందాం అన్నారు యజమానిగారు.

యజమానిగారు గుడివాడ వైపు రైతు కుటుంబం నుంచి వచ్చినాయన, మనిషి మంచివాడే గానీ ఆయన డిక్టేషను ఉందే, అది అటు ఇంగ్లీషూ కాదు ఇటు తెలుగూ కాదు. "రెస్పెక్టెడ్ సర్, సదరు బస్తాలు మా మిల్లులో లోడ్ చేసేటప్పుడు డ్రైగానే ఉన్నై, దార్లో తడిస్తే మనకేం సంబంధం లేదు, ఆ ముక్క గట్టిగా రాయమ్మాయ్" అని ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయేవారు. దాన్ని మేం నోటుబుక్కులో పట్టుకుని, తర్వాత మర్యాదగల ఇంగ్లీషులోకి మార్చి టైపు కొట్టాలి. మాస్టారు పాతికేళ్ల అనుభవంతో మనసులోనే మార్చేసుకుని రాసేవారు. నాకది చేతనయ్యేది కాదు. షార్ట్‌హ్యాండు పుస్తకంలో బస్తాకి గీత లేదు, నూకలకి లేదు, తవుడుకి లేదు. చూసి చూసి, లేకపోతే నేనే పెట్టుకుంటానని తెగించాను. బస్తాకి మూతి ముడిచినట్టు ఒక సున్నా, నూకలకి విరిగిన గీత, యజమానిగారి ఊతపదం 'మనకేం సంబంధం లేదు' అన్నదానికి మొత్తంగా ఒక కొక్కెం, దాని కింద చుక్క. ఆ తర్వాత యజమానిగారు ఎంత వేగంగా చెప్పినా నా పెన్సిలు ఆగలేదు.

మాస్టారు ఒకరోజు నా నోటుబుక్కు చూసి కళ్లద్దాలు పైకి నెట్టుకున్నారు. ఇవేం కోడిగీతలమ్మాయ్ అన్నారు. చెప్పాను. పుస్తకంలో లేని గీత తప్పు గీతే, ఇవాళే మానెయ్యి అన్నారు. సరేనండీ అని తలూపాను గానీ మానలేదు. మానితే పని జరగదు మరి.

ఇంతలో వచ్చిపడింది అసలు ముప్పు. బియ్యం తడిసి వచ్చాయనీ, నష్టం కట్టివ్వాలనీ బెంగళూరు వ్యాపారి ఒకాయన లాయరు చేత నోటీసు ఇప్పించాడు. యజమానిగారు ఆ సాయంత్రం మండిపడుతూ జవాబంతా నాకు చెప్పి, లారీలు ఎప్పుడు బయలుదేరాయో, ఎవరు చూసి పంపారో పూసగుచ్చినట్టు చెప్పి, రేపటి టపాలో ఇది పోవాల్సిందే, పోకపోతే కేసు మన నెత్తినే పడుతుందని హెచ్చరించి, తమ ఊళ్లో కోతలున్నాయని వెళ్లిపోయారు. నేను నోటుబుక్కు బల్ల మీదే ఉంచి, పొద్దున్నే వచ్చి కొడదామని ఇంటికొచ్చాను. తెల్లారేసరికి ఒళ్లు పేలిపోతోంది, మొహం నిండా పొక్కులు. ఆటలమ్మ. ప్రార్థన మాది, మంచం చుట్టూ వేపమండలు పక్కింటి పిన్నిగారివి. కదలడానికి లేదన్నారు.

నాకు జ్వరం కంటే ఆ ఉత్తరం బాధ ఎక్కువైంది. నా గీతలు మాస్టారికి రావు, యజమానిగారు ఇక్కడ లేరు, ఆయన ఊరికి ఫోను లేదు. ఉత్తరం పోకపోతే నా ఉద్యోగం పోయినట్టే, చెల్లెలి ట్రైనింగు పోయినట్టే. దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నాన్న గుమ్మంలో నిలబడి ఏదో ధైర్యం చెప్పబోయి, దగ్గు తెర వచ్చి చెప్పలేకపోయారు.

పదకొండు కావస్తుండగా వీధిలో రిక్షా ఆగింది. మాస్టారు! నేను ఆఫీసుకు రాకపోయేసరికి వెతుక్కుంటూ వచ్చారట, ఎండలో చెమటలు కక్కుతూ, చంకలో నా నోటుబుక్కు. ఆయనకు చిన్నప్పుడు ఆటలమ్మ పోయలేదట, లోపలికి రాకూడదని అమ్మ చేతులు జోడించింది. ఆయన వినిపించుకున్నట్టే లేరు గానీ లోపలికీ రాలేదు. కిటికీ అవతల అరుగు మీద నిలబడి, నోటుబుక్కు తెరిచి ఊచలకు ఆనించి పట్టుకుని, "చదువమ్మాయ్, టపా వేళ దాటిపోతుంది" అన్నారు. కళ్లు వాచి సరిగా తెరుచుకోకపోయినా మంచం మీద లేచి కూచుని చదివాను. నేను చదువుతుంటే ఆయన కిటికీ గట్టు మీద తన నోటుబుక్కు పెట్టుకుని తన గీతల్లో రాసుకుంటూ, పేజీ తిప్పుతూ, మధ్యమధ్య ఇదేమిటి అదేమిటి అని అడుగుతూ పోయారు. కొక్కెం దగ్గరికొచ్చేసరికి ఆగారు. అది 'మనకేం సంబంధం లేదు' అండీ అన్నాను. ఆయన ఒక్క క్షణం నా వంక చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ పకపకా నవ్వారు. అంతవరకూ ఆ మనిషి నవ్వగా నేను చూడలేదు.

వెళ్లబోతూ మాత్రం నవ్వు ఆపేసి, "నువ్వొక్కదానివే చదవగలిగితే అది రాత కాదమ్మాయ్, గుట్టు. లేచి తిరిగాక వచ్చి నాకూ నేర్పు" అన్నారు. నేర్పుతానండీ అన్నాను. ఆ క్షణాన నా జ్వరం సగం దిగిపోయింది, ఒట్టు.

ఉత్తరం టపాకు అందింది. నేను లేచి ఆఫీసుకు వెళ్లేసరికి యజమానిగారికి సంగతంతా తెలిసిపోయింది. "నా ఊతపదానికి గీత పెట్టావుటగా, ఏదీ చూపించు" అని, చూసి, మీసం దువ్వుకుంటూ, ఈ అమ్మాయిని ఇక్కడే ఉంచండయ్యా అన్నారు. చెల్లెలు ట్రైనింగులో చేరింది. మాస్టారు ఆ వారంలోనే ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీద తన చేత్తో నా గీతలు గీసి, పక్కన తెలుగులో మాటలు రాసి, ఇవి పుస్తకంలో లేవు గానీ ఈ వీధిలో పనికొస్తాయి, నేర్చుకోండి అని పిల్లలకు చెప్పారు. ఆ తర్వాత వచ్చిన బ్యాచీలన్నీ నేర్చుకున్నాయి. గవర్నర్‌పేట ధాన్యం ఆఫీసుల్లో నాకు ముక్కూమొహం తెలియని స్టెనోలు నా సున్నాలు గీస్తుంటే చూసి, నేనెంత మురిసిపోయేదాన్నో చెప్పలేను. ఏ బిరుదూ నాకంత సంతోషం ఇచ్చి ఉండేది కాదు.

ఇప్పుడు అక్కడ ఆ మేడ లేదు, కింద సెల్‌ఫోన్ల దుకాణం, పైన కోచింగ్ సెంటరు. కంప్యూటర్లొచ్చాక షార్ట్‌హ్యాండు అడిగే నాథుడు లేడు. ఆ బ్యాచీల వాళ్లలో కొందరు పోయారు, ఉన్నవాళ్లు మరచిపోయారు. మాస్టారు పోయినప్పుడు వెళ్లి చూసి వస్తుంటే, ఇక నేను రాసింది చదివే మనిషి ఈ భూమ్మీద లేడు కదా అని తట్టి, నడిరోడ్డు మీదే కన్నీళ్లు ఆగలేదు. అందుకే వదినగారి మీద అలా ఎగిరాను. ఆ పిల్లల మాటలకు చోటిచ్చి దాచేవాళ్లు దొరికారు, అదృష్టవంతులు. వదినగారికి సాయంత్రమే ఫోను చేసి కలిసిపోయాను గానీ, మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

నేనైతే మరచిపోదల్చుకోలేదు. రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ కూరల చీటీ ఆ గీతల్లోనే రాసుకుంటాను. ఎండలో మీరెందుకత్తయ్యా, చీటీ ఇవ్వండి నేను తెస్తానంటుంది కోడలు, పాపం. ఇచ్చి ఏం లాభం? బజారుకు నేనే వెళ్లాలి.