కత్తెర పెట్టిన స్వెటర్

ఆ వీధిలో టైలరు మాస్టరంటే తెలియనివాళ్ళు లేరు. దారిన పోయేవాడి చొక్కా భుజం చూసి, అది తన చేతి కుట్టో కాదో చెప్పేయగల మనిషి. అలాంటివాడికి కళ్ళు మొరాయించాయి. నల్లగుడ్డ మీద నల్లదారం కనబడడం మానేసింది. కళ్ళజోడు మార్చినా లాభం లేకపోయింది. ఒకాయన కోటుకు కుడిచెయ్యి ఎడమవైపు అతికించిన రోజున తనంతట తనే షట్టరు దించేసి ఇంటికొచ్చాడు.

పనిలేని మొగుడు ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో భార్యనడగాలి. ఉన్న కర్టెన్లన్నీ కొలిచి, వంకరగా ఉన్నాయని తేల్చాడు. పలకరిద్దామని వచ్చిన పక్కింటాయనకు ప్యాంటు ఒక కాలు పొడుగని మొహం మీదే చెప్పాడు. పాపం, ఆయన మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

అసలు దిగులు వేరే ఉంది. కూతురికి నెలలు నిండుతున్నాయి. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి పెళ్ళిదాకా ఒంటిమీద వేసుకున్నదంతా తండ్రి కుట్టిందే. ఇప్పుడు తన మనవడో మనవరాలో కొన్న బట్టలతో పెరగాలా? అది తలుచుకుంటే మాస్టరుకు ముద్ద దిగేది కాదు.

దారి చూపించింది వియ్యపురాలు. పక్క వీధిలోనే ఉంటుంది. ఊలు అల్లికలో చెయ్యి తిరిగిన మనిషి, మాటలోనూ అంతే.

"ఊలు లావు, సూదులు లావు అన్నయ్యగారూ. కళ్ళతో పెద్దగా పనిలేదు, వేళ్ళుంటే చాలు" అంది.

"జీవితమంతా కుట్టినవాణ్ణి. ఇదొక లెక్కా చెల్లెమ్మా" అన్నాడు.

లెక్కే అయింది. టైలరు చేతికి బిగువు అలవాటు. ప్రతి కుట్టునూ గట్టిగా లాగాడు. రెండో వరసకే సూది దూరనని భీష్మించుకుంది. వియ్యపురాలు దాన్ని వేలితో తట్టి చూసింది.

"చెక్కలా ఉంది, తలుపుకు కొడతారా దీన్ని? కాస్త వదులుగా పట్టుకోండి. ఊలు ఎక్కడికీ పారిపోదు."

తిట్లు తింటూనే నేర్చుకున్నాడు. వరసలు మెత్తగా, సమంగా రావడం మొదలుపెట్టాక మాస్టరుకు పట్టపగ్గాలు లేవు. పుట్టబోయే బిడ్డకు స్వెటరు మొదలుపెట్టాడు. చంకల దగ్గరికి వచ్చాక తనను పిలవమని ఆవిడ చెప్పింది. ఎందుకు పిలుస్తాడు? ఆయనకు తెలిసిన లోకంలో ముందు గుడ్డ, తర్వాత కత్తెర. కావలసినంత గుడ్డ అల్లేసి, బల్లమీద పరిచి, సుద్దతో గుర్తులు పెట్టాడు.

"ఆవిణ్ణి ఒక్కమాట అడక్కూడదూ" అంది భార్య.

"కత్తెర పట్టడం కూడా ఆవిడే నేర్పాలా?"

చంకలు గుండ్రంగా, ముచ్చటగా కత్తిరించి, అలవాటుకొద్దీ ఒక్క విదిలింపు విదిలించాడు. అంచు కుట్లు ఒక్కొక్కటే జారిపోయాయి. పట్టుకోబోతే ఇంకా ఊడాయి. సరిగ్గా అప్పుడే వచ్చిన వియ్యపురాలు గుమ్మంలోనే కూలబడి నవ్వింది.

"ఊలుకు కత్తెర పెట్టరు అన్నయ్యగారూ. సన్నం చేయాలంటే కుట్లు తగ్గించుకుంటూ అల్లుకుపోవాలి."

మాస్టరు నవ్వలేదు. సూదులు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

"నా చేతుల పని అయిపోయింది చెల్లెమ్మా. తీసుకెళ్ళండి."

ఆవిడ నవ్వు అక్కడే ఆగిపోయింది. సూదులు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఒక బుల్లి మేజోడుతో వచ్చింది.

"ఒకటే అయింది. చలికి నా వేళ్ళు వంగడం లేదు. రెండోది మీరు అల్లండి."

"ఊరికే అంటున్నారు."

ఆవిడ చేతులు చాపి చూపించింది. కణుపులు నిజంగానే వాచి ఉన్నాయి. మాస్టరు సూదులు అందుకున్నాడు.

కుట్టు తప్పింది, విప్పాడు. మళ్ళీ అల్లాడు, మళ్ళీ విప్పాడు. గుడ్డకు ఒకసారి కత్తెర తప్పు పడితే అంతే సంగతులు. ఊలుకు ఆ పట్టింపు లేదు. ఈ సంగతి ముందే తెలిసుంటే అసలు టైలరునే అయ్యేవాణ్ణి కాదని భార్యతో అన్నాడు. ఆవిడ "ఇప్పుడైనా తెలిసింది, సంతోషం" అంది.

ఆడపిల్ల పుట్టింది. అందరూ మంచం చుట్టూ చేరారు. కూతురు దుప్పటి తొలగించి పసిదాని పాదాలు చూపించింది.

"నాన్నా, ఇందులో నువ్వు అల్లింది ఏది?"

మాస్టరు వంగి చూశాడు. ఒక మేజోడు తడిమాడు, రెండోది తడిమాడు. తన కుట్టు తనకే దొరకలేదు. గురువుగారి పనిలో తన పని కలిసిపోయింది. కళ్ళు చెమర్చాయి, ఆనందం పట్టలేక కొంటెతనం వచ్చేసింది.

"రెండూ నావే" అన్నాడు.

అందరూ వియ్యపురాలి వైపు తిరిగారు. మాట పడే మనిషి కాదాయె.

"అవునమ్మా. నేను పక్కన కూర్చుని ఊలు అందించానంతే" అందావిడ.